మేలూ కీడూ ఒకే వేరు నుంచి: మైగ్రేన్ మందుల కథ

తలలో ఒక పక్క సమ్మెటతో కొడుతున్నట్లు నొప్పి. వెలుతురు చూడలేం, చప్పుడు భరించలేం, కడుపులో తిప్పుతుంది. కొందరికి నొప్పికి ముందు కళ్ల ఎదుట మెరుపు గీతలు కనిపిస్తాయి. ఒక్కోసారి నాలుగైదు గంటలు, ఒక్కోసారి మూడు రోజులు. ఇది మామూలు తలనొప్పి కాదు, మైగ్రేన్. మన ఊళ్లలో దీన్ని పార్శ్వపు నొప్పి, ఒంటికణత నొప్పి అంటారు. ఆయుర్వేద గ్రంథాలు అర్ధావభేదకం అన్నాయి. ప్రపంచంలో సుమారు ప్రతి ఏడుగురిలో ఒకరిని ఇది బాధిస్తుంది. పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ.

మైగ్రేన్ మనిషిని మంచాన పడేస్తుందేగాని సాధారణంగా ప్రాణం తీయదు. కానీ దానికి వాడిన మందులు కొందరి వేళ్లు పోగొట్టాయి, కొందరి గుండె కవాటాలను పాడుచేశాయి, కొందరి చేతులకు వణుకు తెచ్చాయి. నొప్పిని తగ్గించే పనీ, శరీరాన్ని దెబ్బతీసే పనీ ఒక్కటేనా? లేక ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీయవచ్చా? గత నూరేళ్ల మైగ్రేన్ మందుల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దానికి జవాబు వెతుకుతూ పోతే, మైగ్రేన్ అంటే ఏమిటో కూడా శాస్త్రజ్ఞులకు కొత్తగా తెలిసింది.

రై పంటకు పట్టిన తెగులు

కథ ఆసుపత్రిలో కాదు, పొలంలో మొదలవుతుంది. ఐరోపాలో పేదలు తినే రొట్టెకు రై అనే ధాన్యం ఆధారం. చల్లగా, తేమగా ఉన్న సంవత్సరాల్లో ఆ కంకులకు ఒక శిలీంధ్రం సోకి, గింజల స్థానంలో నల్లని కొమ్ముల్లాంటివి పుట్టుకొచ్చేవి. వాటి పేరు ఎర్గాట్. గింజలతో పాటు అవీ పిండిలో కలిసిపోయేవి.

ఆ రొట్టె తిన్నవాళ్లకు కాళ్లూ చేతులూ మొదట నిప్పుల మీద పెట్టినట్లు మండేవి. తరువాత మొద్దుబారి, నల్లబడి, ఎండిన కొమ్మల్లా రాలిపోయేవి. క్రీ.శ. 857లో రైన్ నదీ తీరంలో ఇలాంటి ఉపద్రవం వచ్చినట్లు రాతలున్నాయి. జనం దాన్ని 'సెయింట్ ఆంటొనీ అగ్ని' అన్నారు. అదే తెగులు ఇంకొన్ని ప్రాంతాల్లో వేరే రూపంలో కనిపించేది. మూర్ఛలు, కాళ్లు చేతులు వంకర్లు పోవడం, భ్రమలు కలిగేవి. అంటే ఆ నల్లకొమ్ములోని విషం ఒక చోట రక్తనాళాలను, ఒక చోట నాడులను పట్టింది. ఈ రెండు ముఖాలనూ గుర్తుంచుకోండి. మైగ్రేన్ మందుల దుష్ఫలితాల్లో అవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

తప్పు దేవతది కాదు, రొట్టెది అని తేలడానికి వందల ఏళ్లు పట్టింది. 1676లో డెనిస్ దొడార్ అనే ఫ్రెంచి వైద్యుడు ఎర్గాట్ పట్టిన రై వల్లే ఈ జబ్బు వస్తున్నదని పారిస్ సైన్స్ అకాడమీకి తెలియజేశాడు.

మన దేశంలోనూ ఎర్గాట్ ఉంది. సజ్జ కంకులకు పట్టే తేనెబంక తెగులు దాని దాయాదే. 1975లో రాజస్థాన్ గ్రామాల్లో ఈ తెగులు సోకిన సజ్జలు తిన్నవారు జబ్బుపడితే, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు పరిశోధించారు. బాధితులకు వాంతులు, తల తిరుగుడు, మత్తు వచ్చాయి గాని, వేళ్లు కుళ్లలేదు. రై ఎర్గాట్‌లో ఉన్న ఆల్కలాయిడ్లు వేరు, సజ్జ ఎర్గాట్‌లో ఉన్నవి వేరు. అణువు నిర్మాణం కొద్దిగా మారితే విషం పనిచేసే చోటు మారిపోతుందన్న మాట. తరువాత మందులు తయారుచేసిన వారికి ఆధారమైన సూత్రం ఇదే.

విషం మందుగా మారింది

ఐరోపా మంత్రసానులకు ఎర్గాట్ సంగతి ఎప్పటినుంచో తెలుసు. చిటికెడు పొడి ఇస్తే నొప్పులు బలపడి కాన్పు త్వరగా అయ్యేది. 1808లో అమెరికన్ వైద్యుడు జాన్ స్టెర్న్స్ దీన్ని వైద్యలోకానికి పరిచయం చేశాడు. కానీ గర్భాశయం ఆగకుండా బిగుసుకుపోవడంతో మృతశిశువుల సంఖ్య పెరిగింది. కాన్పు తరువాత రక్తస్రావం ఆపడానికి తప్ప దీన్ని వాడరాదని 1824లో న్యూయార్క్ వైద్యుడు డేవిడ్ హోసాక్ హెచ్చరించాడు.

గర్భాశయం గోడలో ఉన్నదీ, ధమని గోడలో ఉన్నదీ ఒకే జాతి కండరం. మన ఇష్టంతో పనిలేకుండా ముడుచుకునే నునుపు కండరం. ఎర్గాట్ దాన్ని బిగిస్తుంది. నాళం బిగిస్తే ఏమవుతుందో భౌతికశాస్త్రం చదివిన వారు లెక్క కట్టవచ్చు. సన్నని గొట్టంలో ద్రవ ప్రవాహం వ్యాసార్ధం నాలుగో ఘాతాన్ని అనుసరించి మారుతుంది. వ్యాసార్ధం సగమైతే, అదే పీడనంతో పారే రక్తం సగం కాదు, పదహారో వంతు అవుతుంది! సెయింట్ ఆంటొనీ అగ్నిలో వేళ్లు నల్లబడింది ఇందుకే.

ఇలాంటి పదార్థాన్ని తలనొప్పికి వాడాలని ఎందుకు తోచింది? 19వ శతాబ్దంలో మైగ్రేన్ గురించి రెండు వాదాలుండేవి. తలలోని రక్తనాళాలు ఉబ్బడం వల్ల నొప్పి వస్తుందని కొందరన్నారు. మెదడులో పుట్టే నాడుల తుపాను అసలు కారణమని ఆంగ్ల వైద్యుడు ఎడ్వర్డ్ లివీంగ్ 1873లో ప్రచురించిన గ్రంథంలో వాదించాడు. నాళాలు ఉబ్బడమే కారణమైతే, వాటిని బిగించే ఎర్గాట్ పనిచేయాలి కదా! 1883లో జర్మనీలో అల్బర్ట్ ఆయిలెన్‌బర్గ్ ఎర్గాట్ సారాన్ని మైగ్రేన్ రోగులకు ఇచ్చి చూశాడు. కాని పంటను బట్టి, తయారీని బట్టి ఆ సారం బలం మారిపోయేది. ఒకరికి చాలీచాలని మోతాదు, మరొకరికి విషం.

1918లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో, సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రజ్ఞుడు ఆర్థర్ స్టోల్ ఎర్గాట్ నుంచి ఒక శుద్ధమైన పదార్థాన్ని వేరుచేశాడు. అదే ఎర్గొటమిన్. ఇప్పుడు మోతాదును మిల్లీగ్రాముల్లో తూచవచ్చు. 1926లో జూరిక్ వైద్యుడు హాన్స్ మాయర్ మైగ్రేన్‌లో దాని ఫలితాలను ప్రకటించాడు.

1938లో న్యూయార్క్‌లో జాన్ గ్రాహమ్, హెరాల్డ్ వుల్ఫ్ చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. మైగ్రేన్ వచ్చిన రోగి కణత మీది ధమని కొట్టుకోవడాన్ని వారు ఫిల్మ్ మీద నమోదు చేస్తూ, ఎర్గొటమిన్ ఇచ్చారు. ధమని స్పందన తగ్గుతున్న కొద్దీ నొప్పి తగ్గింది. నాళం ఉబ్బడమే నొప్పి, బిగించడమే చికిత్స! తరువాత సుమారు యాభై ఏళ్లపాటు వైద్యవిద్యార్థులు ఇదే పాఠం చదివారు.

కానీ ఎర్గొటమిన్‌కు కణత ధమని ఏదో, కాలి ధమని ఏదో తెలియదు. రక్తంలో నుంచి మందు పోయినా నాళాల గోడలను అంటిపెట్టుకున్న మందు త్వరగా వదలదు. ఒక్క మోతాదు ప్రభావం రోజంతా ఉండగలదు. మాత్రలు ఎక్కువైన వారికి చేతులు, కాళ్లు చల్లబడడం, తిమ్మిరి, నడిస్తే పిక్కల్లో నొప్పి వచ్చేవి. కొందరికి వేళ్లు కుళ్లాయి. గుండెకు రక్తం తెచ్చే నాళాలు అప్పటికే సన్నబడిన వారికి గుండెపోటు ప్రమాదం ఉండేది. ఇంకో ప్రమాదం తరువాత బయటపడింది. ఎర్గొటమిన్‌ను విరిచి పంపే కాలేయ ఎంజైమ్‌ను ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయోటిక్‌లు, హెచ్.ఐ.వి.కి వాడే రిటోనవిర్ అడ్డుకుంటాయి. అప్పుడు మామూలు మోతాదే విషమవుతుంది.

1951లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు పీటర్స్, హార్టన్ మరో వింత చెప్పారు. ఎర్గొటమిన్ తరచుగా వాడేవారికి, మందు దిగిపోగానే మళ్లీ తలనొప్పి వస్తున్నది. దానికి మళ్లీ మాత్ర. మందే జబ్బును పెంచుతున్నది. నాళాల సిద్ధాంతం దీన్ని సులభంగా వివరించలేకపోయింది.

సర్పగంధ చెప్పిన సాక్ష్యం

1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో రాపొర్ట్, గ్రీన్, పేజ్ రక్తరసం నుంచి నాళాలను బిగించే ఒక పదార్థాన్ని వేరుచేసి, సెరొటోనిన్ అని పేరు పెట్టారు. దీనికీ మైగ్రేన్‌కూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టడంలో మన సర్పగంధ మొక్కకు పాత్ర ఉంది. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రాసిన వ్యాసంతో, రక్తపోటుకు సర్పగంధ ప్రపంచానికి తెలిసింది. దాని నుంచి తీసిన రెసెర్పిన్ శరీరంలోని సెరొటోనిన్ నిల్వలను ఖాళీ చేస్తుంది. మైగ్రేన్ ఉన్నవారికి రెసెర్పిన్ ఇస్తే తలనొప్పి వచ్చింది. సెరొటోనిన్‌ను రక్తంలోకి ఎక్కిస్తే తగ్గింది. 1960లో కింబాల్, ఫ్రీడ్‌మన్ తదితరులు ఈ సంగతి ప్రకటించారు. అయితే సెరొటోనిన్‌నే మందుగా ఇవ్వలేం. ఊపిరాడకపోవడం, ఒళ్లంతా తిమ్మిరి వంటి బాధలు కలుగుతాయి.

ఈలోగా 1959లో ఇటలీలోని ఫ్లారెన్స్‌లో ఫెడెరికో సికుటెరి, ఎర్గాట్ కుటుంబానికే చెందిన మెథిసెర్జైడ్‌తో మైగ్రేన్ రాకుండా నివారించవచ్చని చూపాడు. నొప్పి వచ్చాక కాదు, రాకముందే రోజూ వేసుకునే మందు. ఏళ్ల తరబడి మంచం పట్టినవాళ్లు లేచి తిరిగారు.

కొన్నేళ్లకు బోస్టన్‌లో ఒక వైద్యుడు అనుమానపడ్డాడు. ఈ మందు వాడుతున్న కొందరికి నడుము నొప్పి, మూత్రం ఆగిపోవడం. కడుపు వెనుక భాగంలో పీచు కణజాలం పెరిగి, మూత్రనాళాలను నొక్కేస్తున్నది. తరువాత ఊపిరితిత్తుల పొరల్లో, గుండె కవాటాల మీద కూడా అదే పీచు కనిపించింది. 1960లలో వరుస వ్యాసాల ద్వారా ఈ ప్రమాదాన్ని బయటపెట్టినది జాన్ గ్రాహమ్. 1938లో వుల్ఫ్‌తో కలిసి ఎర్గొటమిన్ ప్రయోగం చేసిన గ్రాహమే! మందు మేలును కొలిచిన చేతులే దాని కీడునూ లెక్కకట్టాయి. మందు ఆపితే చాలామందిలో పీచు తగ్గింది. అందుకే ఆరు నెలలు వాడితే మూడు నాలుగు వారాలు విరామం ఇవ్వాలన్న నియమం వచ్చింది.

కవాటాల మీద పీచు ఎందుకు పెరిగిందో సుమారు 2000 నాటికి గాని తేలలేదు. సెరొటోనిన్‌కు శరీరంలో ఒక్క గ్రాహకం కాదు, కనీసం 14 రకాలున్నాయి. గ్రాహకం అంటే కణం గోడ మీది తాళంకప్ప అనుకోండి. మెథిసెర్జైడ్ శరీరంలో మారి ఏర్పడే పదార్థం 5-హెచ్‌టి2బి అనే తాళాన్ని తెరుస్తుంది. గుండె కవాటాల కణాల మీద ఉన్న ఆ తాళం తెరుచుకుంటే, కణాలు పెరగమని ఆజ్ఞ అందినట్లే. బరువు తగ్గడానికి వాడిన ఫెన్‌ఫ్లూరమిన్‌ను 1997లో ఉపసంహరించడానికి కారణమైన కవాటాల జబ్బు కూడా ఈ తాళం వల్లే వచ్చింది. మెథిసెర్జైడ్ క్రమంగా వాడుక నుంచి తప్పుకుంది.

ఒక్క తాళానికే సరిపోయే తాళంచెవి

ఎర్గాట్ మందులు గుత్తిలోని తాళంచెవులన్నీ ఒకేసారి తిప్పినట్లు పనిచేస్తాయి. కావలసిన తాళం ఒక్కటే తెరిచే మందు చేయలేమా? 1972లో ఇంగ్లండ్‌లో గ్లాక్సో కంపెనీలో పాట్రిక్ హంఫ్రీ బృందం ఈ పని మొదలుపెట్టింది. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో ప్రమోద్ సక్సేనా, ఎర్గాట్ మందులు తలకు వెళ్లే నాళాలను ప్రత్యేకంగా బిగిస్తాయని జంతువులలో చూపుతున్న రోజులవి. హంఫ్రీ బృందం కుక్క కాలి సిర ముక్కలను పరీక్షగొట్టంలో వేలాడదీసి, వందలాది కొత్త అణువులను వాటి మీద పరీక్షించింది. చివరికి దొరికినది సుమాట్రిప్టాన్. 1991లో నెదర్లాండ్స్‌లో మొదట అమ్మకానికి వచ్చింది. ఆ ఏడాది ప్రచురితమైన పరీక్షలో, ఇంజెక్షన్ తీసుకున్న గంటకు 70 శాతం మందికి ఉపశమనం కలిగింది. మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 22 శాతానికే కలిగింది.

కానీ కొద్ది శాతం మంది ఛాతీ పట్టేసినట్లు, గొంతు బిగిసినట్లు ఉందన్నారు. 1993లో డచ్ వైద్యులు ఈ ఇంజెక్షన్ తరువాత ఒక స్త్రీకి గుండెపోటు వచ్చిన సంగతి నివేదించారు. గుండె ధమనులను ఎక్స్‌రే చిత్రాలు తీసి చూస్తే, మందు వాటిని కొద్దిగా బిగిస్తున్నట్లు తేలింది. సుమాట్రిప్టాన్ తెరిచే తాళాల్లో ఒకటైన 5-హెచ్‌టి1బి మెదడు పొరల ధమనుల మీద ఎక్కువగా ఉన్నా, గుండె ధమనుల మీద కూడా ఎంతోకొంత ఉంది. ఎర్గొటమిన్‌తో పోలిస్తే ప్రమాదం చాలా తక్కువ. ఆరోగ్యవంతమైన ధమని ఆ కొద్దిపాటి బిగింపును లెక్కచేయదు. కానీ కొవ్వు పేరుకుని ఇప్పటికే సన్నబడిన ధమనికి అదే చాలవచ్చు. నాలుగో ఘాతం లెక్క గుర్తుంది కదా!

అందుకే గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారికి ట్రిప్టాన్ మందులు ఇవ్వరు. 2004లో బ్రిటన్‌లో 60 వేలకు పైగా మైగ్రేన్ రోగుల రికార్డులు పరిశీలించినప్పుడు, ట్రిప్టాన్లు వాడినవారిలో గుండెపోటు, పక్షవాతం పెరగలేదు. ఇది మంచి వార్తే. కానీ జాగ్రత్తగా చదవాలి. గుండెజబ్బు ఉన్నవారికి వైద్యులు ఆ మందు ఇవ్వనే లేదు కదా!

మెదడుకు తగిలిన దెబ్బలు

ఎర్గాట్ రెండో ముఖం, అంటే నాడుల సంగతి ఏమైంది? మైగ్రేన్ రాకుండా రోజూ వేసుకునే మందుల్లో అది కనిపిస్తుంది. కణాల్లోకి కాల్షియం ప్రవేశాన్ని అడ్డుకునే ఫ్లునరిజిన్ మన దేశంలో ఎక్కువగా వాడే మందు. అది మెదడులో డోపమిన్ పనికి కూడా అడ్డుపడుతుంది. దీన్ని వాడిన వృద్ధులలో వణుకు, బిగుసుకుపోవడం, దిగులు వంటి లక్షణాలు కనిపించాయని 1986లో ఉరుగ్వే వైద్యులు నివేదించారు. పార్కిన్సన్ జబ్బును పోలిన ఈ లక్షణాలు మందు ఆపితే చాలామందిలో నెమ్మదిగా తగ్గుతాయి. అందుకే వృద్ధులకు, దిగులు జబ్బు ఉన్నవారికి దీన్ని ఇవ్వడంలో జాగ్రత్త అవసరం. ఫిట్స్‌కు వాడే టొపిరమేట్ మైగ్రేన్‌నూ నివారిస్తుంది. కానీ కొందరికి వేళ్లు జివ్వుమంటాయి, మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. వాల్‌ప్రోయేట్ గర్భిణి వాడితే శిశువు వెన్నుపాము, మెదడు ఎదుగుదల దెబ్బతినవచ్చు. గుండెనొప్పి రోగులకిచ్చిన ప్రొప్రనొలోల్ వారి మైగ్రేన్‌నూ తగ్గించిందని 1966లో అనుకోకుండా బయటపడింది. అది ఉబ్బసం ఉన్నవారికి పనికిరాదు. కొందరికి పీడకలలు తెస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఉంది. నాళాలతో సంబంధం లేని ఫిట్స్ మందు మైగ్రేన్‌ను ఎలా ఆపుతోంది? లివీంగ్ చెప్పిన నాడుల తుపాను నిజమేనా?

బిగించకుండానే నొప్పి తగ్గింది

ముఖానికి, మెదడు పొరలకు స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నాడి కొసలు అక్కడి రక్తనాళాలను అల్లుకుని ఉంటాయి. మైగ్రేన్‌కు ఈ నాడీ నాళాల కలయికే వేదిక అని 1979లో అమెరికాలో మైఖేల్ మాస్కొవిట్జ్ ప్రతిపాదించాడు. 1990లో పీటర్ గోడ్స్‌బీ, లార్స్ ఎడ్విన్‌సన్, మైగ్రేన్ సమయంలో రోగుల మెడ సిర నుంచి రక్తం తీసి పరీక్షించారు. అందులో ఒక చిన్న ప్రొటీన్ తునక పెరిగి ఉంది. దాని పేరు కాల్సిటోనిన్ జీన్ రిలేటెడ్ పెప్టైడ్, పొట్టిగా సి.జి.ఆర్.పి. నాడి కొసలు దీన్ని విడుదల చేస్తే నాళాలు ఉబ్బుతాయి, నొప్పి సంకేతాలు పెరుగుతాయి. సుమాట్రిప్టాన్ ఇస్తే నొప్పితో పాటు ఇదీ తగ్గింది! అంటే ట్రిప్టాన్ నాళాలను బిగించడమే కాక, నాడి నోరు కూడా మూయిస్తున్నది.

ఈ రెండు పనుల్లో నొప్పిని తగ్గించేది ఏది? 2004లో జవాబు దొరికింది. నాళాన్ని బిగించకుండా, సి.జి.ఆర్.పి. గ్రాహకాన్ని మాత్రం అడ్డుకునే ఆల్సిజెపాంట్ అనే మందును పరీక్షించారు. రెండు గంటల్లో 66 శాతం మందికి ఉపశమనం. ఉత్తుత్తి మందుతో 27 శాతం. 2013లో కోపెన్‌హాగన్ శాస్త్రజ్ఞులు మైగ్రేన్ నడుస్తుండగా ఎం.ఆర్.ఐ. తీసి చూస్తే, పుర్రె బయటి ధమనులు ఉబ్బనేలేదు. 1938 నాటి ప్రయోగంలో కొలత తప్పు కాదు. ఎర్గొటమిన్ ధమనిని బిగించిన మాటా నిజమే, నొప్పి తగ్గిన మాటా నిజమే. మొదటిదే రెండోదానికి కారణమన్న నిర్ణయం మాత్రం నిలబడలేదు. కలిసి జరిగిన రెండు విషయాల్లో ఒకటి రెండోదానికి కారణం కానక్కరలేదు.

అలా మేలును కీడు నుంచి విడదీసే దారి తెరుచుకుంది. దారిలో కొత్త ముళ్లూ ఉన్నాయి. టెల్కజెపాంట్ అనే మందు కాలేయాన్ని దెబ్బతీస్తుండడంతో 2011లో వదిలేశారు. 2018లో అమెరికాలో ఎరెనుమాబ్ అనే ప్రతిరక్షకం, 2019లో ఉబ్రొజెపాంట్ మాత్ర ఆమోదం పొందాయి. 2019లోనే వచ్చిన లాస్మిడిటాన్ నాళాలను బిగించని 5-హెచ్‌టి1ఎఫ్ తాళాన్ని తెరుస్తుంది. గుండెకు భయం లేదు గాని మెదడులోకి వెళ్లి తల తిప్పుతుంది. వేసుకున్నాక ఎనిమిది గంటలు బండి నడపరాదు. ఎరెనుమాబ్ కొందరిలో రక్తపోటు పెంచుతుందన్న హెచ్చరిక 2020లో చేరింది. సి.జి.ఆర్.పి. నొప్పి దూత మాత్రమే కాదు. రక్తం అందని చోట నాళాలను తెరిచి కాపాడే పదార్థం కూడా. దాన్ని అడ్డుకుంటే మెదడుకు రక్తం ఆగినప్పుడు నష్టం పెరిగిందని 2020లో ఎలుకల మీద ప్రయోగం చూపింది. మనుషుల్లో ఏళ్ల తరబడి వాడితే ఏమవుతుందో గమనిస్తూ ఉండాలి.

మనకు పనికొచ్చేది

కొత్త మందులు ఖరీదైనవి. మన దేశంలో ఎర్గొటమిన్, కెఫీన్, పారాసిటమాల్ కలిసిన మాత్రలు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. మందులషాపులో అడిగి తెచ్చుకుని, పరీక్షల ముందు వరుసగా మింగేవాళ్లున్నారు. ఎర్గాట్ మాత్రలు గాని, ట్రిప్టాన్లు గాని నెలలో పది రోజులకు మించి మూడు నెలలకు పైగా వాడితే, మందు వల్లే తలనొప్పి స్థిరపడిపోవచ్చు. గుండెజబ్బు, రక్తపోటు, గర్భం, వాడుతున్న ఇతర మందులు, వీటన్నిటినీ డాక్టరుకు ముందే చెప్పాలి. మాత్ర తరువాత వేళ్లు చల్లబడినా, ఛాతీ పట్టేసినా ఇంకొకటి వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఎన్నడూ లేనంత నొప్పి హఠాత్తుగా వచ్చినా, ఒక పక్క చేయి, కాలు పడిపోయినా, మాట తడబడినా అది మైగ్రేన్ అనుకుని ఇంట్లో ఉండరాదు.

దుష్ఫలితాన్ని మనం తరచు మందుకు పట్టిన మరకలా చూస్తాం. ఈ కథలో అది దారి చూపిన గుర్తు కూడా. వేళ్లు నల్లబడకపోతే నాళాల సంగతి, కవాటాలు పాడవకపోతే తాళాల సంగతి, ఛాతీ పట్టకపోతే నాళాన్ని బిగించని మందు అవసరం ఇంత త్వరగా తెలిసేవి కావు. ఆ జ్ఞానానికి మూల్యం చెల్లించింది రోగులు. రాబోయే మందులను పరీక్షించేవారు, రాసేవారు, అమ్మేవారు ఆ సంగతి మరువరాదు. వారిలో రేపు మీలో కొందరూ ఉంటారు.